బోర్డు మీద ఇండోనేషియా, లోపల ఎవరి వంట?

నెదర్లాండ్స్‌కి ఉద్యోగం మీద వచ్చిన మనవాళ్లకి మొదటి వారాల్లోనే ఎదురయ్యే మాట "నాసి". ఆఫీసు క్యాంటీన్‌లో నాసి, సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లో ప్లాస్టిక్ డబ్బాలో నాసి, స్నాక్‌బార్‌లో బ్రెడ్ పొడి పట్టించి నూనెలో వేయించిన నాసి బిళ్ల. నాసి అంటే అన్నమని తెలియగానే ఆశగా కొంటాం. తీరా తింటే అందులో లీక్స్, క్యారెట్, హ్యామ్ ముక్కలు, పైన కొంచెం తీపి, ఉందో లేదో తెలియని కారం. "ఇండోనేషియా వంట మనకి పట్టదులే" అని అక్కడితో వదిలేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. అది విన్నప్పుడల్లా బాధనిపిస్తుంది. కొబ్బరి పాలు, చింతపండు, మిరపకాయ, పల్లీలు, బెల్లం మీద నడిచే వంట అది. పరాయి దేశంలో మన నాలుకకి ఇంత దగ్గరి వంట వీధి చివర దొరుకుతుంటే, దాని పేరు పెట్టుకున్న ఇంకేదో తిని దాన్ని వదిలేసుకుంటున్నారు.

ఈ దేశంలో ఇండోనేషియా పేరు మీద కనీసం అయిదు రకాల వంటలు నడుస్తున్నాయి. వండేవాళ్లు వేరు, వాళ్లు వచ్చిన దారులు వేరు, కాలాలు వేరు. వంటకాల పేర్లు మాత్రం చాలావరకు ఒకటే. సాటే అని అడిగితే ఒకచోట బొగ్గుల మీద కాల్చిన మాంసం పుల్లలు వస్తాయి, ఇంకోచోట బంగాళదుంప వేపుడు మీద పోసిన పల్లీ సాస్ వస్తుంది. ఎక్కడ ఏది అడగాలో తెలియాలంటే ముందు కాస్త చరిత్ర తెలియాలి.

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. మూడేళ్లకే, 1605లో, మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. ఊళ్లో వలందపాలెం ఆ డచ్చివాళ్ల పేరు మీద వచ్చినదే. వాళ్లకి మన కోస్తా బట్టలు ఎందుకంత అవసరమయ్యాయంటే, మలుకు, బండా దీవుల్లో లవంగాలు, జాజికాయ కొనడానికి వెండి కంటే ఈ బట్టలే బాగా చెల్లేవి. అలా మన మగ్గాల సొమ్ముతో మొదలైన సుగంధద్రవ్యాల వ్యాపారం క్రమంగా దీవులన్నిటి మీద పాలనగా మారింది. ఇండోనేషియా 1945 ఆగస్టు 17న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. డచ్చి ప్రభుత్వం యుద్ధం చేసి, నెగ్గలేక, 1949 డిసెంబరు 27న అధికారం అప్పగించింది. ఆ తర్వాతి వలసలే ఇవాళ మనం తినే పళ్లేల్ని నిర్ణయించాయి.

ముందుగా వచ్చినవాళ్లు "ఇండో"లు. డచ్చి, ఇండోనేషియా రక్తాలు కలిసిన కుటుంబాలు, వాళ్లతో పాటు అక్కడ స్థిరపడిన డచ్చివాళ్లు. 1945 నుంచి 1960ల దాకా సుమారు 3 లక్షల మంది ఓడలు దిగారు. చాలామందికి ఈ దేశం కొత్త, చలి కొత్త. ప్రభుత్వం వాళ్లని అద్దె వసతి గృహాల్లో, పాత హోటళ్లలో ఉంచింది. అక్కడ యజమాని వండిన ఉడకబెట్టిన బంగాళదుంపలే తినాలి, గదిలో సొంతంగా వండుకోవడానికి చాలాచోట్ల ఒప్పుకునేవారు కాదు. మూడు పూటలా అన్నం తిని పెరిగిన మనుషులకి అది ఎంత కష్టమో తెలుగువాళ్లకి వివరించక్కర్లేదు. సొంత ఇళ్లు దొరికాక వాళ్లు మొదట కూడదీసుకున్నది వంటిల్లే. టోకోలు విరివిగా వెలిసింది అప్పుడే. ఒక పక్క సరుకులు, ఇంకో పక్క అద్దాల వెనక ట్రేలలో వండిన కూరలు అమ్మే చిన్న కొట్లను టోకో అంటారు. హేగ్ నగరంలో ఈ కుటుంబాలు ఎక్కువగా స్థిరపడ్డాయి కాబట్టి మంచి టోకోలు ఇప్పటికీ అక్కడే ఎక్కువ. 1959లో పసర్ మలం పేరుతో మొదలై తర్వాత టాంగ్ టాంగ్ ఫెయిర్‌గా మారిన వాళ్ల పెద్ద సంత పుట్టింది కూడా హేగ్‌లోనే.

టోకో వంట జావా మీద ఆధారపడిన వంట. జావాలో, ముఖ్యంగా మధ్య జావాలో, బెల్లం చేయి పెద్దది. దానికి డచ్చి అలవాట్లు కలిశాయి. సోయా, జాజికాయతో నెమ్మదిగా ఉడికించిన మాంసం కూర సెమూర్, పొరలు పొరలుగా కాల్చిన స్పెక్కూక్ కేకు ఈ కలయికలోంచి వచ్చినవే. కాబట్టి టోకోలో తీపి తగిలితే నకిలీ అనుకోకండి. అది ఒక తరం ఇళ్లలో నిజంగా వండుకున్న రుచి. సాంబల్ గోరెంగ్ బోంట్యెస్ అనే చిక్కుడు కూర, తెంపే (పులియబెట్టిన సోయా గింజల దిమ్మె) వేపుడు, గుడ్డు కూర, అన్నం కలిపి ఒక డబ్బాలో సర్ది ఇచ్చే నాసి రామెస్ ఈ దేశంలో డబ్బుకి దక్కే అతి మంచి మధ్యాహ్న భోజనాల్లో ఒకటని నా నమ్మకం.

అదే కాలంలో, 1951లో, మలుకు దీవుల నుంచి డచ్చి సైన్యంలో పనిచేసిన సైనికులు కుటుంబాలతో సహా సుమారు 12,500 మంది వచ్చారు. కొద్ది నెలలకని చెప్పి తెచ్చి శిబిరాల్లో ఉంచారు, వాళ్లు ఇక్కడే ఉండిపోయారు. సగ్గుపిండి జావ పపెడా, చేపలు, నిమ్మరసంతో చేసే చోలో చోలో సాంబల్ (సాంబల్ అంటే మిరపకాయ పచ్చడి) వాళ్ల సొంత వంట. రెస్టారెంట్లలో అరుదు. ఎవరైనా మలుకు స్నేహితులు ఇంటికి పిలిస్తే మాత్రం తప్పకుండా వెళ్లండి.

ఇక రైస్ట్‌టాఫెల్. బల్ల మీద అన్నం, దాని చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో పన్నెండో, ఇరవయ్యో కూరలు, కింద వేడి నిలపడానికి దీపాలు. పర్యాటకులకి ఇండోనేషియా భోజనమంటే ఇదే. నిజానికి ఇది వలస పాలకులు కూర్చిన పద్ధతి. పశ్చిమ సుమత్రాలోని పడాంగ్ హోటళ్లలో అడగకుండానే కూరలన్నీ పళ్లేల్లో తెచ్చి ముందు పెట్టే పద్ధతి ఉంది. తిన్నవాటికే లెక్క కడతారు. డచ్చి తోటల యజమానులు, అధికారులు దాన్ని తీసుకుని దర్జాగా మార్చారు. బటావియాలోని (ఇప్పటి జకార్తా) హోటల్ దెజ్ ఆండ్‌లో ఆదివారం మధ్యాహ్నం వడ్డించేవాళ్లు వరసగా, ఒక్కొక్కరు ఒక్కో వంటకం పట్టుకుని వచ్చేవారు. వేర్వేరు దీవుల వంటకాల్ని, ఇండోనేషియా ఇంట్లో ఎప్పుడూ ఒక పూట కలవనివాటిని, ఒకే బల్ల మీద పెట్టారు. స్వాతంత్ర్యం తర్వాత ఆ దేశంలో ఈ పద్ధతి దాదాపు పోయింది. ఇక్కడ మాత్రం నిలిచింది, జాతీయ వారసత్వ జాబితాకి కూడా ఎక్కింది.

దాని పుట్టుక తెలిశాక కూడా నేను రైస్ట్‌టాఫెల్‌కి వెళ్తాను. ఇరవై వంటకాలు ఒక్కసారి రుచి చూసి మనకేది నచ్చుతుందో తేల్చుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు. చాలామంది చేసే పొరపాటు ఒక్కటే, అన్నీ ఒకేసారి పళ్లెంలో వేసుకుని కలిపేయడం. విస్తట్లో పప్పు, కూర, పులుసు వరసగా తిన్నట్టే ఇక్కడా తినాలి. తెల్లన్నం పెట్టుకుని, కారం లేని కూరలతో మొదలుపెట్టి, ఒక్కోదాన్ని విడిగా అన్నంతో తిని, రెండాంగ్ (కొబ్బరి పాలలో ఇగిర్చిన మాంసం), బలాడో (ఎర్ర మిరపకాయ ముద్దలో మగ్గించిన కూర) లాంటి ఘాటైనవి చివరికి ఉంచుకోండి. మధ్యమధ్య ఆచార్, అంటే తీపి పులుపు కీరా ముక్కలు. ఇద్దరికి తక్కువైతే చాలాచోట్ల వడ్డించరు, నలుగురు వెళ్తే అన్నిటికీ న్యాయం జరుగుతుంది.

మూడో గుమ్మం మీద "చైనీస్-ఇండిష్" అని ఉంటుంది, ఇండిష్ అంటే పాత డచ్చి ఇండోనేషియాది అని. మన తెలుగువాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆవిరి ఓడల్లో పనిచేసే చైనా కార్మికులు రాటర్‌డామ్, ఆమ్‌స్టర్‌డామ్ రేవుల్లో దిగి తమవాళ్ల కోసం చిన్న భోజనశాలలు పెట్టుకున్నారు. 1945-49 మధ్య లక్షకు పైగా డచ్చి సైనికులు ఇండోనేషియా వెళ్లి వచ్చారు. వాళ్లకీ, ఇండోలకీ అన్నం కావాలి. గిరాకీ చూసిన చైనా వంటవాళ్లు నాసి, బామి (నూడుల్స్), సాటే, లుంపియా (స్ప్రింగ్ రోల్) తమ మెనూలో చేర్చి, డచ్చి నోటికి తగ్గట్టు తీపి పెంచి, కారం తగ్గించి, పళ్లెం నిండా పెట్టారు. జనం ఇంటి నుంచి గిన్నెలు తెచ్చుకుని కట్టించుకుపోయేవారు. దేశమంతా, చిన్న చిన్న ఊళ్లలో కూడా, ఇవి పెరిగాయి.

బాబీ పంగాంగ్ సంగతే చూడండి. సుమత్రాలో బతక్ ప్రజలకి అది నిప్పుల మీద కాల్చిన పంది మాంసం. ఇక్కడ అది వేయించిన ముక్కల మీద చిక్కటి ఎర్రటి తీపి పులుపు టమాటా సాస్. 2018లో ఇండోనేషియా పర్యాటక శాఖ తమ జాతీయ వంటకాలని అయిదింటిని ప్రకటించింది: సోతో (మసాలా పులుసు), రెండాంగ్, సాటే, నాసి గోరెంగ్ (వేయించిన అన్నం), గడో గడో (పల్లీ సాస్‌తో కూరగాయలు). చైనీస్-ఇండిష్ హోటళ్లలో వీటిలో కొన్ని ఉంటాయి గానీ వాటి పేరు మోసేది బాబీ పంగాంగ్. ఈ హోటళ్లని నేను తక్కువ చేయడం లేదు. మూడు తరాల డచ్చి కుటుంబాలు తొలిసారి బయట తిన్న భోజనం ఇదే, ఎంతోమంది చైనా కుటుంబాలు రెక్కలు ముక్కలు చేసుకుని నిలబెట్టిన వంట ఇది. పెద్దవాళ్లు రిటైరవుతుంటే, పిల్లలు వేరే ఉద్యోగాలకి పోతుంటే ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. అక్కడికి దాని కోసమే వెళ్లండి. ఇండోనేషియా కోసం వెళ్లకండి.

సురినామ్ హోటళ్లలో జావా వంట చూసి మనవాళ్లు ఆశ్చర్యపోతారు. దక్షిణ అమెరికాలోని ఈ డచ్చి వలసకి 1890 నుంచి 1939 దాకా సుమారు 33 వేల మంది జావా కూలీల్ని చెరకు తోటలకి తీసుకెళ్లారు. అంతకు ముందే, 1873 నుంచి, కలకత్తా రేవు మీదుగా భారత కూలీలు వెళ్లారు. 1975లో సురినామ్ స్వతంత్రమైనప్పుడు, దానికి కాస్త ముందూ తర్వాతా, ఈ ఇద్దరి పిల్లలూ పెద్ద సంఖ్యలో నెదర్లాండ్స్ చేరారు. అందుకే ఒకే కౌంటర్ మీద రోటీ, బామి రెండూ కనిపిస్తాయి. అక్కడ అడగాల్సింది సావోతో. పలచటి కోడి పులుసు, అందులో మొలకలు, ఉడికించిన గుడ్డు, సన్నగా తరిగి వేయించిన బంగాళదుంప పుల్లలు, పక్కన అన్నం, పసుపుపచ్చటి మిరపకాయ కారం. జలుబు చేసిన నవంబరు సాయంత్రం దీన్ని మించింది నాకు ఇంకొకటి తెలియదు.

చివరిది, మనకి అన్నిటికంటే దగ్గరిది, ఈ మధ్య దశాబ్దాల్లో నేరుగా ఇండోనేషియా నుంచి వచ్చినవాళ్లు నడిపే వారుంగ్‌లు (చిన్న తిండి కొట్లు), పడాంగ్ హోటళ్లు. విద్యార్థుల ఊళ్లలో, హేగ్, ఆమ్‌స్టర్‌డామ్ పక్క వీధుల్లో ఉంటాయి. చర్చిలు, మసీదులు, సంఘాల హాళ్లలో జరిగే బజార్లలో ఇంట్లో వండి తెచ్చి అమ్మేవాళ్లు ఉంటారు. పడాంగ్ వంటలో బెల్లం దాదాపు కనిపించదు. మిరపకాయ, కొబ్బరి పాలు, పసుపు ఆకు, దుంపరాష్ట్రకం (అల్లం లాంటి గలాంగల్ దుంప), నిమ్మగడ్డి. పచ్చిమిరపకాయల సాంబల్ ఈజో నోట్లో పెట్టుకుంటే గోదావరి, గుంటూరు రెండూ ఒప్పుకుంటాయి.

రెండాంగ్‌ని ఇక్కడే తినాలి. మాంసాన్ని మసాలా ముద్ద, కొబ్బరి పాలతో గంటల తరబడి ఉడికిస్తారు. పలచగా ఉన్నప్పుడు అది గులై. సగం ఇగిరి, జిడ్డుగా, గోధుమ రంగుకి వచ్చినప్పుడు కలియో. పాలన్నీ ఇగిరిపోయి, కొబ్బరి నూనె బయటికి వచ్చి, ఆ నూనెలోనే ముక్క వేగి నల్లబడితేనే రెండాంగ్. టోకోల్లో, రైస్ట్‌టాఫెల్‌లో రెండాంగ్ పేరుతో వచ్చే గ్రేవీ కూర ఎక్కువసార్లు కలియోయే. అదీ బాగుంటుంది, కాకపోతే పొయ్యి మీద ఇంకా గంటన్నర ఉండాల్సింది.

మన తిండి పట్టింపుల గురించి కూడా చెప్పుకోవాలి. ఇండోనేషియాలో ముస్లింలు ఎక్కువ కాబట్టి పడాంగ్ హోటళ్లలో పంది మాంసం ఉండదు, కానీ గొడ్డు మాంసం మామూలు. రెండాంగ్ అంటే చెప్పకపోతే గొడ్డు మాంసమే. అది తిననివాళ్లు "అయమ్" అని, అంటే కోడి అని, స్పష్టంగా అడగాలి. చైనీస్-ఇండిష్‌లో మామూలు నాసిలోనే హ్యామ్ ఉండొచ్చు. శాకాహారులకి కంటికి కనపడని చిక్కు ట్రాసి. పులియబెట్టిన రొయ్యల ముద్ద అది. కూరగాయల కూరల్లో, సాంబల్‌లో, గడో గడో పల్లీ సాస్‌లో కూడా పడుతుంది. "మాంసం లేదు" అంటే వాళ్ల లెక్కలో ట్రాసి లేదని కాదు, పేరు పెట్టి అడగాలి. అప్పడంలా ఉండే క్రుపుక్‌లో చాలావరకు రొయ్యలుంటాయి. శాకాహారులు ఎంపింగ్ అడగొచ్చు. మెలింజో గింజల్ని నలగ్గొట్టి చేసిన ఆ అప్పడం కాస్త చేదుగా, చాలా రుచిగా ఉంటుంది. ఇక కారం. ఇక్కడి హోటళ్లు డచ్చి నోటికి వండుతాయి. కూరలో కారం పెంచమనే కంటే సాంబల్ విడిగా అడిగి పక్కన పెట్టుకోవడం మంచిది. కూరలోని మసాలా రుచి చెడదు.

ఇంట్లో వండుకోవడం అనుకున్నంత పెద్ద పని కాదు, ముఖ్యంగా రోటి పచ్చడి చేసిన చేతులకి. జావా వంటగది మొత్తం బుంబు, అంటే నూరిన మసాలా ముద్ద, మీద నడుస్తుంది. తెల్ల ముద్ద: చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి, ధనియాలు, కెమిరి గింజలు (నూనె ఎక్కువగా ఉండే క్యాండిల్‌నట్). దానికి పసుపు, అల్లం చేరితే పసుపుపచ్చ ముద్ద. పండు మిరపకాయలు చేరితే ఎర్ర ముద్ద. మిక్సీలో నూరి, నూనె తేలేదాకా వేయించి, ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే వారం రోజుల వంట సగం అయినట్టే. తెల్ల ముద్దతో కోడి, కొబ్బరి పాల ఓపోర్. పసుపుపచ్చ ముద్దతో సోతో. ఎర్ర ముద్దతో నాసి గోరెంగ్, బలాడో. కెమిరి పచ్చిగా తింటే కడుపు పాడవుతుంది, తప్పకుండా వేయించాలి. దొరక్కపోతే జీడిపప్పు చాలు.

మన అలవాట్లలో మూడింటిని మాత్రం ఆ పూటకి పక్కన పెట్టాలి. పోపు వేయొద్దు. గరం మసాలా వద్దు. కొబ్బరి పాలు పోశాక మూత పెట్టి మరగబెట్టొద్దు, సన్నటి సెగ మీద కలుపుతూ ఉండాలి. ఇండోనేషియా కూరల్లో వేసే సలామ్ ఆకు దొరకనప్పుడు బిర్యానీ ఆకు వేయమని చాలా వంటకాల్లో రాస్తారు. నేనైతే ఏదీ వేయకుండా వదిలేయమంటాను. కరివేపాకు వేస్తే కూర నేరుగా మన ఊరికి వచ్చేస్తుంది. దుంపరాష్ట్రకం టోకో ఫ్రీజర్‌లో ముక్కలుగా దొరుకుతుంది, పొడి కంటే అదే నయం. ట్రాసి వాసన అపార్ట్‌మెంట్‌లో ఇబ్బందనుకుంటే ఊరి నుంచి తెచ్చుకున్న ఎండు రొయ్యల పొడి వేయించి వాడండి, చాలా దగ్గరగా వస్తుంది. చిక్కటి తీపి సోయా సాస్ కెచాప్ మానిస్ ఎక్కడైనా దొరుకుతుంది. అయిపోతే నల్ల సోయా సాస్, తాటిబెల్లం సమంగా కలిపి, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక అనాసపువ్వు వేసి చిక్కబడేదాకా కాచుకోవచ్చు.

శాకాహారులు తెంపేతో మొదలుపెట్టాలి. ఉడికించిన సోయా గింజలకి రైజోపస్ అనే బూజు పట్టించి, వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు ఉంచితే గింజలు తెల్లటి దిమ్మెగా అతుక్కుంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జావాలో జపాన్ శిబిరాల్లో బందీలుగా ఉన్న ఎంతోమందిని నిలబెట్టిన తిండి ఇది. బూజు తెల్లగా ఉంటే మంచిది, అక్కడక్కడ నల్లటి మచ్చలున్నా ఫరవాలేదు, ముక్కు పగిలే ఘాటు వాసన వస్తే పారేయండి. సన్నగా కోసి, వెల్లుల్లి, ధనియాలు, ఉప్పు నూరిన నీళ్లలో పావుగంట నానబెట్టి, వేయిస్తే చాలు. మొదటిసారి చప్పగా అనిపించిందని వదిలేసినవాళ్లంతా ఆ నానబెట్టడం మానేసినవాళ్లే.

ఎండాకాలంలో అమ్మానాన్న ఊరి నుంచి వచ్చి నెల రోజులు ఉంటారు కదా, వాళ్లకి ఈ వంట చూపించాలంటే రైస్ట్‌టాఫెల్‌తో మొదలుపెట్టకండి. అన్ని గిన్నెలు, అంత తీపి చూసి వెనకడుగు వేస్తారు. ముందు ఇంట్లో తెలుర్ బలాడో చేయండి. ఉడికించిన గుడ్లని పైపైన వేయించి, ఎర్ర ముద్దలో టమాటాతో మగ్గించడమే. పక్కన సయూర్ ఆసెమ్: చింతపండు పులుసులో మొక్కజొన్న ముక్కలు, సీమ వంకాయ, బొబ్బర్లకాయలు, కొన్ని పల్లీలు, చిటికెడు బెల్లం. తెంపే వేపుడు, ఎంపింగ్ అప్పడం. అన్నం సోనా మసూరి అయినా ఇబ్బంది లేదు, టోకోలో దొరికే జాస్మిన్ బియ్యమైతే ఇంకా బాగుంటుంది. గుడ్డు తిననివాళ్లుంటే అదే ఎర్ర ముద్దలో వంకాయ వేయండి, ట్రాసి మానేయండి. వాళ్లకి ఇది నచ్చితే మరుసటి వారం పడాంగ్ హోటల్. రైస్ట్‌టాఫెల్‌కి తిరుగు ప్రయాణానికి ముందు, స్నేహితుల్ని కూడా పిలుచుకుని, ఖాళీ కడుపుతో వెళ్లండి.